యానిమేషన్ పాటకు పెదవులు కలపడం

పిల్లల ఫాంటసీ కథను పాటల యానిమేషన్‌గా తీస్తుంటే ముందు పాట రికార్డు చేయండి, బొమ్మలు ఆ తర్వాతే. బొమ్మలు గీశాక పాడిస్తే గాయకుడు ఊపిరి తీసుకోవడం, స్వరం సాగదీయడం ముఖంలో కనిపించవు.

సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. నిమిషానికి 120 బీట్ల (తాళం దెబ్బల) పాటయితే ఒక్కో బీట్‌కు సరిగ్గా 12 ఫ్రేములు. 100 బీట్లయితే 14.4 వస్తుంది, దాన్ని 14కి కుదిస్తే పది బీట్లకల్లా బొమ్మ 4 ఫ్రేములు ముందుకెళ్లిపోతుంది. అందుకే ప్రతి బీట్‌నూ పాట మొదటినుంచే లెక్కగట్టాలి.

ప, బ, మ దగ్గర పెదవుల్ని కనీసం 2 ఫ్రేములు మూసి ఉంచండి, ఒక్కటైతే కంటికి ఆనదు. నోటి కదలిక శబ్దం కన్నా 1–2 ఫ్రేములు ముందుంటే సహజంగా ఉంటుంది. వెనకబడితే అతకని డబ్బింగే. దీర్ఘాలకు నోరొక్కటే చాలదు, ఛాతీ, కనుబొమలు కూడా పాడాలి.