పైసలు కాదు, సామాను అడిగినం

మాది దేవరకొండ దిక్కు. మా యువజన సంఘం నడిపే చదువుల గదికి ర్యాకులు, బల్లలు, పోటీ పరీక్షల పుస్తకాలు కావాల్సొచ్చినయి. ఒక కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు కింద, ఇస్తమన్నది. తీరా సంఘం కాగితాలు చూసి ఆపేసింది.

సొసైటీ రిజిస్ట్రేషన్ మాకున్నది. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర అయిపోతది. కానీ సీఎస్ఆర్ పని మా సంఘం ద్వారా చేయించాలంటే అదొక్కటే చాలదు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినోళ్లకు పన్ను మినహాయింపు) నమోదులు ఉండాలె. ఆపైన కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారంతో చేసుకునే నమోదు, 2021 ఏప్రిల్ నుంచి ఇదీ తప్పనిసరే.

అవన్నీ వచ్చేదాకా పరీక్షలు ఆగుతయా? నిబంధనలు తిరగేస్తే దారి దొరికింది: కంపెనీ ఆ పని సొంతంగా చేసుకోవచ్చు, అప్పుడు మధ్యలో మా ఖాతాతో పనే లేదు. సంఘం తీర్మానం, గది వాడుకోనిచ్చే పంచాయతీ అనుమతి, వడ్రంగి కొటేషన్, పుస్తకాల లిస్టు జతచేసి మళ్లీ పెట్టినం. బిల్లులు కంపెనీయే దుకాణాలకు నేరుగా కట్టింది.

స్టాకు రిజిస్టరు మాత్రం మొదటి రోజు నుంచే రాయండి. వాళ్ల ఆడిటర్ ముందుగాల అడిగింది అదే. 12ఏ దరఖాస్తు ఇప్పుడు పెట్టినం.