రాత్రయితే ఆగిపోయే పీఓఈ కెమెరా: సమస్య - పరిష్కారం

సమస్య: పగలంతా బొమ్మ శుభ్రంగా వస్తుంది. చీకటి పడగానే కెమెరా ఆగిపోతుంది, కాసేపటికి వస్తుంది, మళ్లీ పోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది ముందు కెమెరానే మార్చేస్తారు. దయచేసి ఆ ఖర్చు పెట్టే ముందు కేబుల్ చూడండి.

కారణం: చీకటి పడితే కెమెరాకు రాత్రి చూపునిచ్చే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలుగుతాయి, కెమెరా లాగే కరెంటు పెరుగుతుంది. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్)లో ఆ కరెంటు కూడా డేటా వచ్చే కేబుల్‌లోంచే రావాలి. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణంలో స్విచ్ (కెమెరాల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ పెట్టె) పోర్టు 15.4 వాట్లు ఇస్తే కెమెరాకు ఖాయంగా అందేది 12.95 వాట్లే. 100 మీటర్ల దారిలో మిగతాది వేడిగా పోతుందని ముందే లెక్క కట్టారు. అయితే ఆ లెక్క అసలు రాగి తీగకు. చవగ్గా దొరికే సీసీఏ కేబుల్‌లో ఉండేది అల్యూమినియం, పైన రాగి పూత. దాని నిరోధం రాగికన్నా ఒకటిన్నర రెట్లు ఉంటుంది. లోడు పెరిగిన కొద్దీ వోల్టేజి దారిలోనే పడిపోతుంది, కెమెరా రీస్టార్ట్ అవుతుంది.

తేల్చుకోవడం ఇలా: కేబుల్ చివర ఒక తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే సీసీఏ, ఎర్రగానే ఉంటే రాగి. తర్వాత కెమెరాను దించి, స్విచ్ పక్కనే చిన్న ప్యాచ్ కార్డుతో కలిపి, చీకటి గదిలో కాసేపు ఉంచండి. ఐఆర్ వెలిగినా ఆగకపోతే కెమెరాలో లోపం లేదు.

పరిష్కారం: మధ్యలో అతుకులు లేని ప్యూర్ కాపర్ కేబుల్ లాగించండి. రెండు చివరలా కనెక్టర్లు కొత్తగా క్రింప్ చేయించండి. దూరం 100 మీటర్లు దాటితే మధ్యలో పీఓఈ ఎక్స్‌టెండర్ పెట్టాలి.

సమస్య: కొత్త కెమెరా కలిపితే అది రాదు, లేదా పాతది ఒకటి పోతుంది.

స్విచ్ మొత్తం పవర్ బడ్జెట్, అంటే పోర్టులన్నిటికీ కలిపి అది ఇవ్వగల వాట్లు, అయిపోయింది. ఎనిమిది పోర్టులకూ 15.4 చొప్పున 123 వాట్లు కావాలి. చాలా చిన్న స్విచ్‌లలో అంత ఉండదు. లేబుల్ మీద అంకె చూసి, కెమెరాలు రాత్రిపూట తీసుకునే వాట్లన్నీ కూడండి. తిరిగే పీటీజెడ్ కెమెరా ఉంటే 30 వాట్లిచ్చే 802.3ఏటీ పోర్టు అవసరం కావచ్చు.

సమస్య: పరికరం అసలు వెలగదు.

ప్రమాణాలు పాటించే స్విచ్ ముందు కొద్దిపాటి వోల్టేజి పంపి, అవతల సుమారు 25 కిలో ఓమ్‌ల నిరోధం ఉందా అని చూస్తుంది. అది కనబడితేనే పూర్తి కరెంటు వదులుతుంది. 24 వోల్టుల పాసివ్ రకం వైఫై పరికరాల్లో ఆ గుర్తు ఉండదు. వాటికి పెట్టెలో వచ్చిన ఇంజెక్టరే (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న అడాప్టర్) వాడాలి. ఆ ఇంజెక్టర్ మాత్రం అవతల ఏముందో చూడకుండా కరెంటు తోసేస్తుంది. కాబట్టి దాని పీఓఈ పోర్టుకు ల్యాప్‌టాప్ కలిపి పరీక్షించకండి, నెట్‌వర్క్ పోర్టు కాలిపోవచ్చు.