శుక్రకణం తల చదవడం – 4వ పాఠం: నీలం ఎక్కితే ఏమిటి అర్థం?

పోయిన పాఠంలో అనిలిన్ బ్లూ అనే రంగు వేసిన శుక్రకణాల స్లయిడ్ ఇచ్చి, తల ముదురు నీలమైతే అర్థమేంటని అడిగితే, చాలామంది "ముదురు నీలం అంటే డీఎన్‌ఏ గట్టిగా సర్దుకుంది" అని రాశారు. సరిగ్గా దానికి ఉల్టా. ఇది తేలకుండా ముందుకెళ్తే రిపోర్టులన్నీ తారుమారవుతాయి కాబట్టి, ఈ వారం అనుకున్న జన్యువుల పాఠం ఆపేస్తున్నాను.

శుక్రకణం తలలో డీఎన్‌ఏ సర్దుకునే క్రమం మీకు తెలిసిందే. స్పెర్మాటిడ్ (శుక్రకణంగా మారబోయే కణం) పొడవుగా సాగే దశలో హెచ్4 హిస్టోన్‌కు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లలో ఒకటి) అసిటైల్ గుంపులు భారీగా చేరతాయి, డీఎన్‌ఏ మీద దాని పట్టు సడలుతుంది, హిస్టోన్ల చోట తాత్కాలికంగా ట్రాన్సిషన్ ప్రోటీన్లు వస్తాయి, ఆఖరికి డీఎన్‌ఏను గట్టిగా సర్దే ప్రోటమీన్లు కూర్చుంటాయి. ఇక్కడి అసిటైలేషన్ (అసిటైల్ గుంపులు చేరడం) చూసి, మామూలు కణాల్లోలా జీన్ ఆన్ అయిందనుకోవద్దు. ఆ దశకు ట్రాన్స్‌క్రిప్షన్ (జీన్ నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం) దాదాపు ఆగిపోతుంది. ప్రోటమీన్ ఎంఆర్‌ఎన్‌ఏ గుండ్రటి స్పెర్మాటిడ్‌లోనే తయారై, నిల్వలో ఉండి, తర్వాత అనువాదమవుతుంది, అంటే దాన్నుంచి ప్రోటీన్ తయారవుతుంది.

ఇక రంగు సంగతి. అనిలిన్ బ్లూ ఆమ్ల రంగు. పీహెచ్ 3.5 దగ్గర అది లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది. హిస్టోన్లలో లైసిన్ దండిగా ఉంటుంది. మనిషి ప్రోటమీన్ 1లో దాదాపు సగం ఆర్జినైన్ అనే మరో అమైనో ఆమ్లమే, లైసిన్ ఒక్కటీ లేదు. అంటే నీలం చూపించేది వెళ్లిపోవాల్సిన హిస్టోన్‌ను. తల రంగు పట్టకపోతే మార్పిడి బాగా జరిగినట్టు. తలంతా ముదురు నీలమైతే హిస్టోన్ ఎక్కువగా మిగిలినట్టు. సగమే పట్టిన తలలను కొందరు నీలంలో కలిపేస్తారు. నేను విడిగా రాస్తాను, మీరూ అలాగే చేయండి. లేత ఛాయ కనిపించగానే టెన్షన్ పడకండి. సంతానం కలిగిన మగవాళ్ల కణాల్లోనూ సుమారు 5 నుంచి 15 శాతం హిస్టోన్లు మిగులుతాయి.

మరో రెండు మాటలు. నీలం తల అంటే డీఎన్‌ఏ తెగిందని రాయకండి. దానికి టునెల్ (డీఎన్‌ఏ తెగిన చోట్లను గుర్తించే పరీక్ష) లాంటి వేరే పరీక్ష కావాలి. ప్రోటమీన్ 1, 2 నిష్పత్తి కూడా ఈ రంగు చెప్పదు. సాధారణంగా అది 1కి దగ్గరగా ఉంటుంది. తెలియాలంటే ప్రోటీన్లను విడదీసి యాసిడ్-యూరియా జెల్ మీద నడపాల్సిందే.

అభ్యాసం: ఆయిల్ ఇమ్మర్షన్ కింద 200 తలలు లెక్కించి మూడు వరుసల్లో (రంగు పట్టనివి, సగం నీలం, పూర్తి నీలం) రాయండి. మర్నాడు లేబుల్ కప్పేసి అదే స్లయిడ్‌ను మళ్లీ లెక్కించండి. రెండు లెక్కల మధ్య తేడా ఏ వరుసలో ఎక్కువ వచ్చిందో పంపండి. సగం నీలం వరుసలోనే వస్తుందని నా అంచనా. అలా వస్తే, మీరు తేల్చుకోలేకపోయిన తలల ఫోటోలు కూడా జతచేయండి.