బిల్డర్ కంపెనీ వర్కింగ్ క్యాపిటల్: ట్రెండ్ సరిచేసిన పద్ధతి

బిల్డర్ కంపెనీ వర్కింగ్ క్యాపిటల్‌ని (స్టాక్, రావలసినవాటి నుంచి ఇవ్వాల్సినవి తీసేస్తే మిగిలేది) అమ్మకాలతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒక ఏడాది ఎగిరి, మరో ఏడాది పడిపోయేది. కారణం ఆదాయాన్ని ఎప్పుడు చూపాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం, ఇండ్ ఏఎస్ 115. 2018 ఏప్రిల్ నుంచి చాలా కంపెనీలు ఫ్లాట్ అప్పగించాకే ఆదాయం చూపుతున్నాయి. అంతవరకూ కొనుగోలుదారులు కట్టిన డబ్బు అడ్వాన్సుగా అప్పుల వైపే ఉంటుంది.

ఉదాహరణకు స్టాక్ (చేతిలో ఉన్న భూమి, ఫ్లాట్లు) 900 కోట్లు, రావలసినవి 60, భూమి అడ్వాన్సులు 140. అవతల కస్టమర్ అడ్వాన్సులు 650, సప్లయర్లకు ఇవ్వాల్సినవి 150. నికరం 300 కోట్లు. ఒక ప్రాజెక్టు అప్పగించారు: ఆదాయం 500, ఖర్చు 350, సర్దుబాటైన అడ్వాన్సు 470, మిగతా 30 రావలసినవాటిలో చేరింది. నికరం 450కి చేరింది. ఆ 150 పెరుగుదల కేవలం పుస్తక లాభం, ఒక్క రూపాయి కదల్లేదు!

అందుకే నగదు, బ్యాంకు అప్పులు ముందే తీసేశాను. స్టాక్‌ని భూమి, నిర్మాణంలో ఉన్నవి, అమ్ముడవని పూర్తయిన ఫ్లాట్లుగా బ్యాలెన్స్ షీట్ కింది నోట్స్ నుంచి విడదీశాను. హారంలో ఆదాయం బదులు ఏటా వసూళ్లు పెట్టాను. మూడేళ్ల సగటు తీస్తేనే దారి కనిపిస్తుంది.

నన్ను నిజంగా కలవరపెట్టేది మూడో రకం స్టాకే. వసూళ్లు తగ్గుతూ అది పెరుగుతుంటే డబ్బు ఇరుక్కుపోయినట్టే. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా ప్రకారం వసూళ్లలో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి కాబట్టి, బ్యాలెన్స్ షీట్‌లోని నగదంతా స్వేచ్ఛగా వాడుకునేది కాదు.