కాంట్రాస్టు పాఠాలు – 5: ఆ తెలుపు ఎవరిది?

ఈసారి రిపోర్టర్ అణువులు (కణంలో ఒక జన్యువు పనిచేస్తోందని కబురు చెప్పేవి) మొదలుపెడదామని చెప్పి ఉన్నాను. కిందటి పాఠం చివరి ప్రశ్నలకు మీరు పంపిన జవాబులు చూశాక వెనక్కి పోక తప్పడం లేదు.

మొదటి ప్రశ్న: గాడోలినియం (బొమ్మలో తేడా తెలియడానికి ఇచ్చే కాంట్రాస్టు మందులోని లోహం) ఎక్కించి తీసిన ఎంఆర్ఐలో మెదడులోని గడ్డ తెల్లగా వచ్చింది, ఆ తెలుపు దేనిది? ‘గాడోలినియానిది’ అని దాదాపు అందరూ రాశారు. రెండోది: టీ1 (మిషను కదిపిన హైడ్రోజన్ కేంద్రకాలు తమ స్థితికి తిరిగొచ్చే కాలం) ఒక సెకను ఉన్న కణజాలంలోకి లీటరుకు ఒక మిల్లీమోల్ గాడోలినియం చేరితే కొత్త టీ1 ఎంత? సగం మంది 5 సెకన్లన్నారు, కొందరు 1.25 అన్నారు. మందు వేశాక టీ1 తగ్గుతుందని మూడో పాఠంలో గీత గీసి మరీ చెప్పాను కదప్పా!

మొదటి తప్పులో సగం పాపం ‘డై’ అన్న మాటది. స్కాన్ సెంటర్లో బిల్లు కట్టించుకునే అబ్బాయి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ ‘డై ఎక్కించాల’ అంటారు. వినగానే నగరిలో నూలుకు రంగు అద్దినట్టు, మందు పోయినచోటల్లా తెల్లపూత పడుతుందనుకుంటాం. నేనైతే ఆ మాట వాడను. సీటీలో అయోడిన్‌కు ఆ ఊహ కొంతవరకు సరిపోతుంది, ఎక్స్-రేను అడ్డుకునేది అయోడినే కాబట్టి. పెట్ స్కానులో ఎక్కించే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 కూడా తన కబురు తానే పంపుతుంది. ఎంఆర్ఐ మిషను వినేది మాత్రం హైడ్రోజన్ కేంద్రకాలను, ముఖ్యంగా నీళ్ళలో ఉన్నవాటిని. గాడోలినియం గొంతు దానికి వినపడదు. పక్కనున్న నీళ్ళ గొంతు పెంచడమే దాని పని.

ఎలా పెంచుతుంది? గాడోలినియం అయానులో జతలేని ఎలక్ట్రాన్లు 7. అందుకే అది గట్టి అయస్కాంతం. దాని చుట్టూ తొమ్మిది చోట్లుంటే, డీటీపీఏ అనే కీలేటు (లోహాన్ని చుట్టూ పట్టుకుని బంధించే అణువు) ఎనిమిదింటిని పట్టేసుకుంటుంది. మిగిలిన ఒక్క చోటులో ఒక నీటి అణువు వచ్చి కూర్చుంటుంది. కొండమీద గర్భగుడి ముందు మనం ఎంతసేపు నిలబడతాం? చేతులు జోడించేలోపే ‘జరగండి, జరగండి’ అంటారు. ఇక్కడా అంతే, సెకనుకు లక్షలసార్లు అణువులు మారిపోతుంటాయి. దర్శనమైన నీటి హైడ్రోజన్ తన స్థితికి తొందరగా తిరిగొస్తుంది (టీ1 తగ్గడమంటే ఇదే, తొందరగా తిరిగొచ్చిన నీళ్ళే మిషనుకు గట్టిగా వినపడి తెల్లగా వస్తాయి), బయటికి పోయి మామూలు నీళ్ళలో కలిసిపోతుంది, దాని చోటుకు ఇంకొకటి వస్తుంది. లీటరు నీళ్ళలో 55 మోల్స్ నీరుంటుంది కాబట్టి, ఒక మిల్లీమోల్ మందు వేస్తే ఒక్కో గాడోలినియానికి వచ్చే నీటి అణువులు 55 వేలు. కొండమీద రద్దీ తక్కువున్న రోజు లెక్క! ఇంత కొంచెం మందు అంత నీటిని ఎలా మారుస్తుందంటే, ఈ క్యూ వల్లే.

రెండో తప్పు నాకు ఇంకా ఒళ్ళు మంట. కాలాలు కూడకూడదు, వేగాలు కూడాలి. మేడమీది ట్యాంకుకు కల్యాణి డ్యామ్ నీళ్ళ కొళాయి ఒక్కటే వదిలితే గంటకు నిండుతుంది. ట్యాంకరు పైపు ఒక్కటే పెడితే పావుగంటకు. రెండూ కలిపి వదిలితే గంటంపావు పడుతుందని మీ ఇంట్లో ఎవరన్నా అంటారా? గంటకు కొళాయి ఒక ట్యాంకు, పైపు నాలుగు ట్యాంకులు, మొత్తం ఐదు. అంటే ఒక ట్యాంకుకు 12 నిమిషాలు, గంటలో 0.2 వంతు. ఇప్పుడు గంట తీసేసి సెకను పెట్టండి. కణజాలం వేగం సెకనుకు 1. ఈ మందు రిలాక్సివిటీ (వేగాన్ని పెంచే శక్తి) సుమారు 4, అంటే మిల్లీమోల్‌కు అదనంగా 4. మొత్తం 5. టీ1 0.2 సెకన్లు. ‘5 సెకన్లు’ అన్నవాళ్ళు చివర్లో తిరగేయడం మరిచారు. 1.25 అన్నవాళ్ళు గంటంపావు బాపతు.

మందు ఎక్కువైన కొద్దీ తెలుపు పెరుగుతుందనుకున్నవాళ్ళకు నా సంగతి ఒకటి చెబుతాను. తిరుపతిలో ఒక స్కాన్ సెంటర్లో కొత్తగా చేరిన రోజుల్లో, కాంట్రాస్టు ఇచ్చి తీసిన పొత్తికడుపు ఎంఆర్ఐలో మూత్రాశయం మూడు చారలుగా కనిపించింది. పైన ముదురుగా, నడుమ తెల్లగా, వీపువైపు అట్టడుగున నల్లగా. ఆ నలుపు రాయేనని తేల్చేసి, గొప్పగా సీనియర్‌ను పిలిచాను. ఆయన నవ్వి, ‘బోర్లా పడుకోబెట్టి మళ్ళీ తియ్యి నాయనా’ అన్నాడు. తీస్తే నలుపు మెల్లగా పొట్టవైపుకు దిగింది. అది మందే. మూత్రపిండాలు దాన్ని చిక్కబరిచి పంపితే, బరువుకు అడుగుకు చేరింది. అంత చిక్కగా ఉన్నచోట టీ2 (సిగ్నల్ ఆరిపోయే కాలం) కూడా కుప్పకూలుతుంది, మిషను చెవిపెట్టేలోపే సిగ్నల్ చచ్చిపోతుంది. నడుమ పలచగా ఉన్నచోట తెలుపు. పైన మందు చేరని మూత్రం. ఒకే మందు, ఒకే సంచిలో, తెలుపూ అదే నలుపూ అదే.

మందును కీలేటులో ఎందుకు బంధిస్తారు, విడి గాడోలినియం ఎందుకు ప్రమాదం అన్నవి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

ఇక రిపోర్టర్ల గురించి రుచికి ఒక్కటి. ఆ ఒక్క నీటి చోటుకు మూత పెడితే? అమెరికా రసాయన శాస్త్రవేత్త థామస్ మీడ్ బృందం అదే చేసింది. గాడోలినియం మీద ఒక చక్కెర మూత పెట్టారు, నీళ్ళకు దారి లేదు, సిగ్నల్ మందం. బీటా-గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము ఉన్న కణాల్లో ఆ మూత తెగుతుంది, నీళ్ళు లోపలికి పోతాయి, బొమ్మ వెలుగుతుంది. 2000లో కప్ప పిండాల్లో చూపించారు. ఎంజైమును తయారుచేసే జన్యువే ఇక్కడ రిపోర్టర్: ‘నేను ఇక్కడ పనిచేస్తున్నాను’ అని కబురు చెప్పేది. మిణుగురులోని లూసిఫరేజ్ అనే ఎంజైము కూడా ఆ కోవదే, కాకపోతే దానికి అయస్కాంతం అక్కర్లేదు, లూసిఫెరిన్ అనే పదార్థం అందితే దాన్ని మార్చి వెలుగు పుట్టిస్తుంది. మిగతాది వచ్చే పాఠంలో.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే. సిగ్నల్ = (1 − ఎక్స్‌పొనెన్షియల్(−టీఆర్/టీ1)) × ఎక్స్‌పొనెన్షియల్(−టీఈ/టీ2). టీఆర్ (ఒక పల్సుకూ తర్వాతి పల్సుకూ నడుమ కాలం) 0.5 సెకన్లు, టీఈ (పల్సు నుంచి మిషను సిగ్నల్ వినేదాకా పట్టే కాలం) 0.01. మందు లేనప్పుడు టీ1 ఒక సెకను, టీ2 0.1. మిల్లీమోల్‌కు టీ1 వేగం 4, టీ2 వేగం 5 పెరుగుతాయి. మందు లేకుండా నాకు 0.36, ఒక మిల్లీమోల్‌కు 0.79 వచ్చింది. 0.1, 3, 10, 100 మిల్లీమోల్స్‌కు మీరు కట్టి, గ్రాఫు గీసి, మూత్రాశయంలోని మూడు చారలు ఆ గీత మీద ఎక్కడెక్కడ కూర్చుంటాయో గుర్తుపెట్టండి. కాలాలు కూడినవాళ్ళ గ్రాఫు నేను చూడను.