వక్కమట్టతో ఓజిబ్వే మకక్: బెంగళూరు ఇంట్లో చేసుకునే పద్ధతి

ఉత్తర అమెరికాలో సుపీరియర్ సరస్సు చుట్టూ, నేటి మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా, ఒంటారియో ప్రాంతాల్లో తరతరాలుగా నివసిస్తున్న ఓజిబ్వే ప్రజలు బిర్చ్ చెట్టు బెరడును మడిచి, కుట్టి చేసే పెట్టెను మకక్ అంటారు. మాపుల్ చెట్టు రసంతో చేసే చక్కెర, అడవి బియ్యం, ఎండబెట్టిన పండ్లు అందులో దాచుకునేవారు. బిర్చ్ మనకు బొత్తిగా కొత్త చెట్టు కాదు. పూజాసామగ్రి దుకాణాల్లో యంత్రాలు రాయడానికి అమ్మే భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే బిర్చ్ బెరడే. ఓజిబ్వే పెద్దలు కూడా తమ పవిత్ర విషయాలను బెరడు చుట్టల మీదే గీసి భద్రపరచుకున్నారు. అయితే దుకాణంలో దొరికే పలుచని పత్రం పెట్టెకు నిలవదు. మా అపార్ట్‌మెంటులోని తెలుగు పిల్లలతో కొన్ని ఆదివారాలు ప్రయత్నించిన మీదట, విస్తళ్లకు వాడే వక్కమట్టే ఇందుకు సరైనదని నాకు తేలింది.

వక్కచెట్టు ఆకు రాలినప్పుడు దాని మొదట్లో ఉండే వెడల్పాటి మట్ట కూడా రాలుతుంది. బెంగళూరు పాత ఇళ్ల పెరళ్లలో అది తరచుగా దొరుకుతుంది. ఇంటివారిని, లేదా ఉదయం ఊడ్చే అక్కను ముందుగా అడిగి తీసుకోండి. ఓజిబ్వేలు చెట్టు దగ్గర చిటికెడు పొగాకు ఉంచి, అనుమతి కోరిన తరువాతనే బెరడు తీస్తారు. చెట్టులో రసం బాగా పారే వేసవి తొలినాళ్లలో బెరడు సులువుగా ఊడివస్తుంది కాబట్టి ఆ పనికి జూన్, జూలై నెలలే అనువైనవి. మనకు రుతువుతో నిమిత్తం లేదు గాని, పగుళ్లు, బూజు లేని మట్టను ఏరుకోవాలి.

మట్టను కడిగి రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టండి. నేను తొలిసారి తొందరపడి ఎండుమట్టనే మడవబోతే, అప్పడం విరిగినట్లు మధ్యకు విరిగిపోయింది. ఈ నానే సమయంలోనే పిల్లలకు ఆ ప్రజల గురించి చెప్పడం నాకు అలవాటు. వారికి తండ్రి నుంచి సంక్రమించే దోదెమ్ అనే వంశచిహ్నం ఉంటుంది. అది క్రౌంచం కావచ్చు, ఎలుగుబంటి కావచ్చు, చేప కావచ్చు. ఒకే దోదెమ్ వారి మధ్య పెళ్లి కూడదనగానే, సగోత్రం సంగతి ఎరిగిన మన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. టోటెమ్ అనే మాట పుట్టింది ఇందులోంచే.

తరువాత 1850 గురించి చెబుతాను. ఒప్పందం ప్రకారం ఏటా ఇవ్వవలసిన సొమ్మును అమెరికా ప్రభుత్వం ఆ ఏడు వారి కేంద్రమైన లా పాయింట్‌లో కాక, చాలా దూరాన ఉన్న శాండీ లేక్ దగ్గర ఇస్తామని పిలిచింది. వారిని పడమటికి తరలించాలన్నదే అందులోని ఉద్దేశం. వచ్చినవారు వారాల తరబడి చలిలో ఎదురుచూశారు, పాడైన తిండి తిన్నారు, రోగాల పాలయ్యారు. అక్కడా, తిరుగుదారిలోనూ కలిపి దాదాపు 400 మంది చనిపోయారు. అమెరికా వారు చీఫ్ బఫెలో అని రాసుకున్న గిచి-వెష్కీ, తొంభై ఏళ్లు దాటిన వయసులో, 1852లో కొందరు సహచరులతో బిర్చ్ బెరడు పడవలో బయలుదేరి వాషింగ్టన్ చేరి, అధ్యక్షుడు ఫిల్మోర్‌ను కలిసి ఆ తరలింపు ఉత్తర్వును రద్దు చేయించారు. 1854 లా పాయింట్ ఒప్పందంతో వారికి తమ నేల మీదనే శాశ్వత నివాస భూములు ఏర్పడ్డాయి. మనం మడవబోయే పెట్టె ఏ బెరడుతో పుట్టిందో, ఆ పడవా ఆ బెరడుతోనే తయారైందని పిల్లలకు తప్పక చెప్పండి.

నానిన మట్టను తుడిచి 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పుతో కత్తిరించండి. నార పొడవు దిశలో ఉండాలి, నున్నని వైపు పెట్టె లోపలికి రావాలి. నాలుగు అంచుల నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో గీతలు గీయండి. పొట్టి అంచుల నుంచి లోపలికి, ఆ గీతల వెంటే, ఒక్కొక్క వైపు రెండేసి చొప్పున, 5 సెంటీమీటర్ల లోతు చీలికలు పెట్టండి. మట్ట నార వెంట తేలికగా చీలుతుంది కాబట్టి, చీలిక ఆగవలసిన చోట దబ్బనంతో ముందే చిన్న రంధ్రం చేస్తే అది అక్కడితో ఆగుతుంది. పొడవు గోడలు సునాయాసంగా లేస్తాయి. పొట్టి గోడలు నారకు అడ్డంగా మడవాలి కనుక, మడతను మళ్లీ తడిపి, స్కేలు ఆనించి నిదానంగా లేపాలి. మూలల్లోని నాలుగు రెక్కలను పొట్టి గోడల మీదికి తిప్పితే, ఒక్కొక్క వైపు రెండు రెక్కలు సరిగ్గా మధ్యలో కలుస్తాయి. బట్టల క్లిప్పులతో పట్టి ఉంచండి.

ఓజిబ్వేలు స్ప్రూస్ చెట్టు వేళ్లను చీల్చి, నానబెట్టి కుడతారు. ఆ వేరును వదబ్ అంటారు. మనకు అరటినార గాని, సన్నని పురికొస గాని చాలు. కుట్టుకు రంధ్రాలన్నీ ఒకే వరుసలో వేస్తే నార ఆ గీత వెంటే చిరుగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి మార్చి మార్చి వేయండి. అంచుకు లోపలా బయటా ఒక్కొక్క సన్నని వెదురు బద్దను ఆనించి చుట్టుకుట్టు వేస్తే గోడలు వంకరపోవు.

పైన అలంకరణకు కాగితాన్ని రెండుగా మడిచి ఆకు ఆకారం కత్తిరించి, దాన్ని అచ్చుగా పెట్టి గీయండి. వారూ బెరడు ముక్కలతో ఇలాగే అచ్చులు చేసుకుంటారు. దోదెమ్ జంతువులను, పవిత్ర చుట్టల్లోని గుర్తులను మాత్రం గీయకండి, అవి వారి సొంతం. చేసినదాన్ని ఓజిబ్వే వస్తువని చెప్పి అమ్మకండి కూడా. మూలవాసులు చేయని వస్తువును వారు చేసినట్లు అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం.

నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, క్లిప్పులు తీసి, బెల్లం ముక్కలు పోసుకోండి. మాపుల్ రసం 40 లీటర్లు కాచితే పాకం దిగేది సుమారు ఒక్క లీటరే. దాన్ని ఇంకా కాచి, కలియబెట్టి చక్కెర చేసి వారు మకక్‌లో నింపుకుంటారు. బెల్లం వద్దనుకుంటే బియ్యం పోయండి. సెప్టెంబరు వేళ ఇద్దరు పడవెక్కి, ఒకరు గడ వేస్తుండగా ఇంకొకరు రెండు కర్రలతో కంకులను వంచి తట్టి రాల్చుకునే అడవి బియ్యాన్ని వారు మనోమిన్ అంటారు. దాన్ని కోసుకునే హక్కును 1837 ఒప్పందంలో నిలుపుకున్నారు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఆ ఒప్పందపు హక్కులు ఇంకా చెల్లుతాయని తీర్పు చెప్పింది.