చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసుకు ఆన్‌లైన్‌లో పని ఎలా వస్తుంది: యాడ్స్ జోలికి పోకుండా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇద్దరు ముగ్గురితో ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతుంటే చాలు, ఏదో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ ఫోన్ చేస్తూనే ఉంటుంది. నెలకు ఇంత కట్టండి, ఇన్ని లీడ్స్ (అంటే పని ఇచ్చే అవకాశమున్నవాళ్ల వివరాలు) గ్యారంటీ అంటారు. సరే అనేముందు ఒక సంగతి చూసుకోండి. వాళ్లకు అది తెలిసే అవకాశం తక్కువ, మీకు మాత్రం కాలేజీలో ప్రొఫెషనల్ ప్రాక్టీస్ క్లాసులో చెప్పే ఉంటారు.

ఆర్కిటెక్టులను రిజిస్టర్ చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ 1989 వృత్తి నియమావళి ప్రకారం రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ తన సేవలకు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. సైట్ దగ్గర బోర్డు మీద పేరు పెట్టుకోవచ్చు, కానీ అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు (అవును, అంత వివరంగా రాశారు). మీరు డిజైన్ చేసిన బిల్డింగుల ఫోటోలు, వివరాలు పత్రికల్లో, మీడియాలో మీ పేరుతో రావచ్చు, అయితే అందుకు డబ్బు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. క్లయింటును పరిచయం చేసినందుకు కమీషన్ ఇవ్వడం కూడా కుదరదు, అంటే ‘లీడ్‌కి ఇంత’ అనే బేరం కూడా ఇబ్బందే. ఇన్‌స్టాగ్రామ్ పుట్టకముందు రాసిన రూల్స్ కాబట్టి బూస్ట్ బటన్ నొక్కడం (డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించడం) ప్రకటన కిందికి వస్తుందా రాదా అని వాదించుకునేవాళ్లు ఉంటారు. నా మటుకు డబ్బు కట్టి కనబడడం ప్రకటనే. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ నియమావళి ఉంటుంది, పట్టుమని పది నిమిషాల పని, ఒకసారి చదివి మీరే తేల్చుకోండి.

ఇంకొకటి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టర్ కానివాళ్లు తమ పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని పెట్టుకోకూడదు. మీ ఆఫీసులో ఉన్న సివిల్ ఇంజనీరుకో ఇంటీరియర్ డిజైనరుకో ఏజెన్సీవాళ్లు ఉత్సాహం కొద్దీ బయోలో ఆర్కిటెక్ట్ అని తగిలించేస్తారు. ఇవాళే వెళ్లి చూసి తీసేయండి.

ఇదంతా అడ్డంకి అనుకోనక్కర్లేదు. బిల్డర్లు కోట్లు పోసి హోర్డింగులు పెట్టే ఊళ్లో యాడ్స్‌తో వాళ్లతో పోటీ పడడం మనకు ఎలాగూ అయ్యే పని కాదు. మనం చేయగలిగింది వేరే ఉంది: ఇల్లు కట్టుకునే మనిషి బుర్రలో తిరుగుతున్న ప్రశ్నకు మనం చేసిన పనిలోనే జవాబు చూపించి, వెతికినప్పుడు అది దొరికేలా పెట్టడం.

వాళ్లు ఏమని వెతుకుతారు

‘కాంటెంపరరీ రెసిడెన్షియల్ ఆర్కిటెక్చర్’ అని మాత్రం వెతకరు. ప్లాటు చేతికొచ్చాక రాత్రి భోజనాలయ్యి, మంచం మీద పడుకుని ఫోన్‌లో ‘200 గజాల వెస్ట్ ఫేసింగ్ డూప్లెక్స్’, ‘30 బై 60 ఇంటి ప్లాన్’, ‘పైన అద్దెకి, కింద మనకి’ అని కొడతారు. తెలంగాణలో గజాలు, ఆంధ్రా పల్లెల్లో సెంట్లు. ఒక సెంటు 48.4 గజాలు కాబట్టి ఐదు సెంట్ల స్థలం అంటే 242 గజాలు, రెండు లెక్కలూ మీ పేజీలో రాస్తే రెండు వైపుల వాళ్లకీ దొరుకుతారు. సగం మంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు, పెద్దవాళ్లు మైక్ నొక్కి మాట్లాడతారు. ఇక డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నలకి ఇల్లు కట్టించే కొడుకు ఉంటాడే, అతని టెన్షనే వేరు. ప్లాన్ కంటే ముందు అతనికి కావాల్సింది ‘నేను అక్కడ లేకపోయినా సైట్‌లో పని సరిగ్గా జరుగుతుందా’ అన్న ప్రశ్నకు జవాబు.

అందుకే హోమ్‌పేజీ మీద నెలల తరబడి కుస్తీ పట్టొద్దు. దాని అందం చూసి ఎవరూ ఫోన్ చేయరు. పనిచేసేది ప్రాజెక్ట్ పేజీ.

ఒక ప్రాజెక్ట్, ఒక పేజీ

మనవాళ్ల వెబ్‌సైట్లలో ఎక్కువగా కనబడేది ఇదీ: పైన పెద్ద ఫోటో, కింద ‘సెరినిటీ విల్లా, వెలుగునీడల సంభాషణ’ అని ఓ వాక్యం, అది కూడా లేత బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో. జ్యూరీలో మార్కులు పడతాయేమో గానీ, 200 గజాల ప్లాటున్న మనిషికి ఇందులో తనకేం ఉందో అర్థం కాదు. దాని బదులు ఇలా రాసి చూడండి:

‘కొంపల్లి దగ్గర 200 గజాల వెస్ట్ ఫేసింగ్ ప్లాటు. ముందు 30 అడుగులు, లోతు 60 అడుగులు. ఇంట్లో ఆరుగురు, అమ్మమ్మగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆవిడ గది కిందే ఉండాలన్నారు. మధ్యాహ్నం మూడు దాటితే ముందు గోడ మీద ఎండ సూటిగా కొడుతుంది. అందుకని మెట్లు, బాత్రూములు పడమర వైపు పెట్టి, హాలుని వెనక్కి జరిపి, బాల్కనీకి టెర్రకోట జాలీ కట్టాం. వంటగది ఆగ్నేయంలోనే ఉంది. కింద తాండూరు రాయి పరిచాం. పైన చెక్క ఫ్లోరింగ్ అనుకుని చెదల భయంతో మానుకున్నారు.’

చూడండి, ఇందులో గొప్పలు ఒక్కటీ లేవు, అయినా మీరు ఎలా ఆలోచిస్తారో మొత్తం తెలిసిపోయింది. పడమర ముఖం ప్లాటు కొని ఎండ ఎలారా బాబూ అని దిగులు పడుతున్న మనిషి దీన్ని రెండుసార్లు చదువుతాడు. వాస్తు గురించి రాయడానికి చాలామంది ఆర్కిటెక్టులు మొహమాటపడతారు. నమ్మకం మీకు ఉన్నా లేకపోయినా, ఆగ్నేయం, ఈశాన్యం, నైరుతి మీరు ఎలా సర్దారన్నది క్లయింటు మొదటి మీటింగులో ఎలాగూ అడుగుతాడు, అదేదో పేజీలోనే చెప్పేస్తే పోయేదేముంది.

దీనికి తోడు బిల్టప్ ఏరియా ఎన్ని చదరపు అడుగులు, ఏ సంవత్సరంలో పూర్తయింది, ఎన్ని నెలలు పట్టింది, క్లయింటు ఒప్పుకుంటే ఖర్చు సుమారుగా ఎంత, ఆ ఖర్చులో ఇంటీరియర్స్ కలిశాయా లేదా అన్నవి రాయండి. సంవత్సరం లేకుండా ఖర్చు మాత్రం ఎప్పుడూ రాయకండి, సిమెంటు, స్టీలు రేట్లు మారాక కూడా పాత అంకె పట్టుకుని మీతో బేరానికి కూర్చుంటారు.

ప్లాన్ పెట్టాలా వద్దా అన్నది ఎప్పుడూ ఉండే గొడవ. కాపీ కొడతారని భయం. పెట్టమనే అంటాను, కానీ కొలతలు తీసేసి, గదుల పేర్లు మాత్రం ఉంచి. మీ ప్లాన్ స్క్రీన్‌షాట్ తీసి మేస్త్రీకి చూపించి కట్టించుకునేవాడు ఎట్లాగూ మీకు ఫీజు ఇచ్చే మనిషి కాదు. ప్లాన్ చూసి ‘నా ప్లాటుకి ఇది సరిపోదు, నాకోసం వేరేగా ఆలోచించాలి’ అని గ్రహించినవాడే మీ క్లయింటు.

టెక్నికల్‌గా పెద్ద విద్యలేం అక్కర్లేదు. వివరాలన్నీ ఏ3 షీటు మీద లేఅవుట్ చేసి ఫోటోగా పెట్టే అలవాటు మనకి ఉంది, అది మానేయాలి. ఫోటోలో ఇరికించిన అక్షరాల్ని గూగుల్ మామూలు టెక్స్ట్‌లా లెక్కలోకి తీసుకుంటుందని నమ్ముకోవద్దు, ఫోన్‌లో మనిషి కళ్లకి కూడా అవి ఆనవు. టెక్స్ట్‌ని టెక్స్ట్‌గానే పెట్టండి. కెమెరాలోంచి వచ్చిన 8 ఎంబీ ఫోటోని అలాగే ఎక్కించకుండా వెడల్పు 2000 పిక్సెళ్లకి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో, వీలైతే 300 కేబీ దాటకుండా పెట్టండి. ఫైలుకి కెమెరా ఇచ్చిన నంబరు కాకుండా ‘కొంపల్లి వెస్ట్ ఫేసింగ్ డూప్లెక్స్ బాల్కనీ’ లాంటి పేరు పెట్టండి. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ ఉచితం, దాన్ని సైట్‌కి కలిపితే జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరికొచ్చారో కనబడుతుంది, తర్వాత ఏ పేజీ రాయాలో ఆ మాటలే చెబుతాయి.

ప్రాజెక్టులు ఇంకా లేవా? పర్మిషన్ల మీద ఒక పేజీ రాయండి. తెలంగాణలో ఇంటి పర్మిషన్లకి 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది, ఆ తర్వాత బిల్డ్‌నౌ వచ్చింది, ఆంధ్రాలో పద్ధతి వేరు. ఏ కాగితాలు కావాలి, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ ఉంచే ఖాళీ) ఎంత వదలాలి, రోడ్డు వెడల్పుతో ఎన్ని అంతస్తులకి లింకు అన్నది మీ ఊరి వరకు సరళంగా రాసిన పేజీకి వచ్చినంతమంది పోర్ట్‌ఫోలియోకి రారు. రూల్ మారినప్పుడల్లా పేజీని సరిచేసి, పైన తేదీ వేయాలి. ఆ ఓపిక లేకపోతే అసలు మొదలుపెట్టొద్దు.

ఫోటోలు

ఏడాదికి ఒక్క బిల్డింగుకైనా మంచి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోండి, ఫోటోలు ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ముందే కాగితం మీద రాసుకోండి. మిగతావి ఫోన్‌తోనే సరిపోతాయి. గ్రిడ్ ఆన్ చేసి, ఫోన్‌ని ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని, గోడల నిలువు గీతలు వాలిపోకుండా చూసుకోవాలి. గది మొత్తం రావాలని 0.5 జూమ్‌లో తీస్తే పది అడుగుల గది ఫంక్షన్ హాల్‌లా కనిపిస్తుంది, క్లయింటు వచ్చి చూశాక మిమ్మల్నే అనుమానిస్తాడు. ట్యూబ్‌లైట్లు ఆర్పేసి కిటికీ వెలుతురులో తీయండి. గృహప్రవేశం రోజు షామియానా, బంతిపూల మధ్య ఏమీ కనబడదు, రెండు మూడు వారాలు ఆగి వెళ్లండి. బకెట్టు, చీపురు పక్కన పెట్టండి గానీ గుమ్మానికి కట్టిన తోరణం, అరుగు మీద పేపర్ చదువుతున్న తాతయ్య ఉంటే ఉండనివ్వండి.

అన్నిటికంటే విలువైన ఫోటోలు ఇల్లు పూర్తయ్యాక తీసేవి కావు. స్థలంలో ముగ్గు పోసిన రోజు నుంచి ఫుటింగ్, పిల్లర్లు, స్లాబ్, ఇటుక, ప్లాస్టరింగ్ దాకా ఒకే మూల నుంచి వరసగా తీసిపెట్టుకోండి. స్లాబ్ పోసే ముందు కంబి ఎలా కట్టారో, కంబికి కింద ఎడం ఉంచే కవర్ బ్లాకులు పెట్టారో లేదో చూపించే ఒక్క ఫోటో ఆ డల్లాస్ అబ్బాయికి మీ అవార్డుల కంటే ఎక్కువ ధైర్యమిస్తుంది. త్రీడీ బొమ్మలు పెడితే కింద ‘రెండర్’ అని రాయండి. ఇప్పుడు ఏఐతో నిమిషంలో ఎలివేషన్లు పుడుతున్నాయి కాబట్టి నిజంగా కట్టిందేదో కట్టనిదేదో విడదీసి చెప్పే ఆఫీసుకే విలువ పెరుగుతోంది.

ఫోటోలు పెట్టడానికి క్లయింటు అనుమతి అగ్రిమెంటులోనే ఒక క్లాజుగా తీసుకోండి, ఇల్లయ్యాక అడిగితే మొహమాటాలు మొదలవుతాయి. ఇంటి నంబరు, కారు నంబరు, పిల్లల ముఖాలు, సీసీ కెమెరాలు, లాకర్ ఉండే మూల బయటపెట్టొద్దు. కాలనీ పేరు దాకా చాలు.

గూగుల్ ప్రొఫైల్, మిగతావి

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పైసా ఖర్చు లేనిది. మ్యాప్‌లో మీరు కనబడేది దీనివల్లే. కేటగిరీ ‘ఆర్కిటెక్ట్’ అని పెట్టండి, పేరు దగ్గర మీ ఆఫీసు పేరు తప్ప ‘బెస్ట్ ఆర్కిటెక్ట్ ఇన్ హైదరాబాద్’ లాంటివి తగిలించకండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైలే సస్పెండ్ కావచ్చు. వెరిఫికేషన్‌కి వీడియో అడిగితే వీధి, బోర్డు, లోపల ఆఫీసు ఒకే వీడియోలో చూపించాలి. ఇంట్లోంచే పనిచేస్తుంటే అడ్రస్ దాచేసి, ఏ ఏ ప్రాంతాల్లో పనిచేస్తారో మాత్రం ఇవ్వచ్చు.

రివ్యూకి బదులుగా డిస్కౌంటో గిఫ్టో ఇవ్వడం గూగుల్‌ కూడా ఒప్పుకోదు. ఊరికే అడగండి, కానీ సమయం చూసి అడగండి. గృహప్రవేశం హడావిడిలో కాదు, మొదటి వానాకాలం దాటాక. ఒక్క చుక్క కారలేదంటే ఆ రివ్యూ వాళ్లే మనస్ఫూర్తిగా రాస్తారు. కారిందంటే రివ్యూ సంగతి తర్వాత, ముందు వాటర్‌ప్రూఫింగ్ వాణ్ని పంపండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో రోజూ ఏదో ఒకటి పెట్టాలనే ఒత్తిడి పెట్టుకోవద్దు. వారానికి ఒకటి, సైట్‌లో నిలబడి తెలుగులో నిమిషం సేపు ‘ఈ మెట్టు ఎత్తు ఆరంగుళాలు ఎందుకు పెట్టాం’ అని మాట్లాడినా చాలు. యూట్యూబ్‌కి అయితే హోమ్‌టూర్ పది నిమిషాలైనా చూస్తారు, ఇంటివాళ్లు మాట్లాడితే ఇంకా చూస్తారు. స్కూళ్లు, హాస్పిటళ్లు, ఆఫీసులు కావాలనుకుంటే లింక్డ్‌ఇన్ చూసుకోండి, ఇళ్ల పనికి దానితో పెద్ద ఉపయోగం లేదు. ఆర్చ్‌డైలీ లాంటి ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్లో ప్రాజెక్ట్ వస్తే తోటి ఆర్కిటెక్టులు మెచ్చుకుంటారు, ఇంటర్న్‌లు అప్లై చేస్తారు, ఇల్లు కట్టుకునే మనిషి మాత్రం అక్కడుండడు.

వాట్సాప్‌లో మొదటి జవాబు

ఇంత కష్టపడ్డాక ‘సార్ ఎస్ఎఫ్‌టీకి ఎంత?’ అని మెసేజ్ వస్తుంది. చిరాకు పడొద్దు, రేటు కొట్టి ఊరుకోవద్దు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై ఒకటి తయారుచేసి పెట్టుకోండి: ‘నమస్తే అండీ. ప్లాటు ఎక్కడ, ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, ముందు రోడ్డు ఎంత వెడల్పు, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎప్పుడు మొదలుపెట్టాలనుకుంటున్నారు, ఇవి చెబితే మా ఫీజు ఎలా ఉంటుందో వివరంగా చెప్తాను. ఈలోగా మీ ప్లాటు లాంటిదే మేం చేసిన ఇల్లు ఒకటి చూడండి.’ కింద ఆ ప్రాజెక్ట్ పేజీ లింకు. అన్నిటికీ జవాబిచ్చినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడండి. ‘ముందు ఫ్రీగా ఒక ప్లాన్ పంపండి, నచ్చితే చూద్దాం’ అనేవాళ్లకి మర్యాదగా నమస్కారం పెట్టండి.

ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ‘మా గురించి ఎక్కడ చూశారండీ?’ అని అడిగి, ఒక ఎక్సెల్ షీటులో తేదీ, ఊరు, ప్లాటు సైజు, ఏ పేజీ చూశారు, మీటింగ్ దాకా వచ్చారా, అడ్వాన్స్ ఇచ్చారా అని రాసుకోండి. ఆర్నెల్లయ్యాక ఆ షీటు తీసి చూస్తే ఒకటో రెండో పేజీలే పని తెస్తున్నాయని తేలుతుంది. అలాంటి ప్లాటు మీద ఇంకో పేజీ రాయండి, ఎవరినీ తీసుకురాని అకౌంట్‌కి టైమ్ పెట్టడం మానేయండి.